మత్తడి ఎక్కే పడవ



హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే రోడ్డు మీద జనగామ దాటితే రఘునాథపల్లి వస్తుంది. రైల్వే స్టేషన్ ఉంది, బస్సులు ఆగుతాయి. పడవల రేవు మాత్రం లేదు. ఇది చెరువుల సీమ, బావుల సీమ, ఆ తర్వాత బోర్ల సీమ. గోదావరి ఈ నేలకు దూరంగా, ఎంతో పల్లంలో పారుతుంది. అయినా ఇవాళ ఈ మండలంలోని అశ్వరావుపల్లి రిజర్వాయర్‌కు గోదావరి నీళ్లే వస్తున్నాయి. ములుగు జిల్లా గంగారం దగ్గర దేవాదుల పథకం మోటార్లు నదిలోంచి నీళ్లు తోడి, పైపుల్లో, సొరంగాల్లో, చెరువు నుంచి చెరువుకు మెట్టుమెట్టుగా ఎక్కిస్తాయి. సముద్ర మట్టానికి 71 మీటర్ల దగ్గర బయలుదేరిన నీరు పథకం చివరి మెట్టుకు చేరేసరికి 540 మీటర్ల ఎత్తులో ఉంటుంది.

నీళ్లను మెట్లెక్కించాలంటే మోటార్లు కావాలి, కరెంటు కావాలి. పడవను మెట్లెక్కించడానికి మాత్రం అవేమీ అక్కర్లేదు. రెండు జతల తలుపులు, నది మనసు తెలిసిన నలుగురు మనుషులు ఉంటే చాలు. ఆ ఏర్పాటు పేరు లాకు. గాలి, వాన, వరద కలిసి మీద పడినప్పుడు పడవవాళ్లు ఆ లాకులను ఎలా దాటేవారో, ఎప్పుడు దాటకుండా ఆగిపోయేవారో చెప్పడానికే ఈ ప్రసంగం.

లాకులు అనగానే ఎవరికైనా కోనసీమ దగ్గరి లొల్ల లాకులో, గుంటూరు వైపు దుగ్గిరాల లాకులో గుర్తొస్తాయి. అవి కోస్తా వాళ్ల సంగతి, మనకేం సంబంధం అనిపిస్తుంది. కానీ భద్రాచలానికి ఎగువన, దుమ్ముగూడెం దగ్గర, నూట అరవై ఏళ్ల కిందటే గోదావరికి ఆనకట్ట వేసి, పడవల కోసం లాకులు కట్టారు. ఆ పడవల దారి అక్కడితో ఆగాలని కాదు కట్టింది. ఇప్పటి భూపాలపల్లి జిల్లా అంచు వెంట, కాళేశ్వరం మీదుగా ప్రాణహితలోకి, ఇంకా పైకి వార్ధా లోయ దాకా పోవాలని. ఆ కథ దగ్గరికి వద్దాం. ముందు లాకు అంటే ఏమిటో చూడాలి.

వానాకాలంలో ఊరి చెరువు నిండితే మత్తడి దుంకుతుంది. ఆనకట్ట కూడా నదికి అడ్డంగా కట్టిన పెద్ద మత్తడే. ఎగువన నీళ్లు లేచి నిలుస్తాయి, మిగిలినవి కట్ట మీదుగా దుంకుతాయి. రైతుకు అది వరం, పడవకు అది గోడ. ఆ గోడ పక్కనే రాళ్లతో పొడుగాటి తొట్టి కడతారు. ఎగువ కొనకు ఒక జత తలుపులు, దిగువ కొనకు ఒక జత. కింది నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరగానే దిగువ తలుపులు మూస్తారు. ఎగువ తూములు ఎత్తుతారు. నీళ్లు నిండుతున్న కొద్దీ పడవ దానంతటదే లేస్తుంది. లోపలి మట్టం, ఎగువ మట్టం ఒకటయ్యాక ఎగువ తలుపులు తెరుస్తారు. దిగేటప్పుడు ఇదే పని తిరగేసి చేస్తారు.

చైనాలో చియావో వేయ్‌యుయె అనే అధికారి 984లో ఇలాంటి లాకును కట్టించాడు. తలుపుల ఆకారం మారింది 15వ శతాబ్దం చివర, ఇటలీలో. రెండు రెక్కలు ఎగువ వైపు కోణంగా ఒకదానికొకటి ఆనే తలుపుల బొమ్మలు లియొనార్డో డావిన్సీ కాగితాల్లో ఉన్నాయి. నీళ్లు ఎంత నెడితే ఆ రెక్కలు అంత గట్టిగా బిగుసుకుంటాయి. గోదావరి, కృష్ణా డెల్టాల లాకుల్లో వాడింది ఆ తరహా తలుపులనే.

తలుపు అంటే ఇంటి తలుపు లాంటిది కాదు. మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు నీళ్లలో మునిగిన రెక్క ఒకటి అనుకుందాం. ఇటు మట్టానికీ అటు మట్టానికీ పది సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేని తేడా ఉంటే, ఆ రెక్క మీద సుమారు 750 కిలోల ఒత్తిడి పడుతుంది. ఎంతమంది తోసినా అది కదలదు. మట్టాలు కలిసే దాకా ఆగాల్సిందే. లాకు దగ్గర తొందరపాటుకు చోటు లేకుండా చేసింది ఈ లెక్కే.

ఇప్పుడు ఈ తొట్టి మీదికి గాలివాన వచ్చిందనుకోండి.

మొదటి కష్టం తొట్టి బయటే. వడ్ల బస్తాలతో నిండిన పడవ నీళ్లలో లోతుగా కూర్చుంటుంది, గాలికి అంతగా చలించదు. సరుకు దించి తిరిగి వస్తున్న ఖాళీ పడవ అలా కాదు. నీటి మీద తేలికగా తేలుతూ, పక్క గాలి కొట్టగానే అడ్డం తిరుగుతుంది. లాకు ముఖద్వారం ఇరుకు. రాతి మూలకు పడవ పక్క తగిలితే పలక చీలుతుంది. అందుకే తెరచాప చాలా ముందే దించేస్తారు. గట్టు మీద తాడు పట్టి లాగేవాళ్లు, పడవలో గడ వేసేవాళ్లు, వెనక చుక్కాని పట్టినవాడు, అందరి లయా కలిస్తేనే పడవ మూతి తిన్నగా లోపలికి వెళుతుంది. వానకు గట్టు జారుతుంది, తాడు తడిసి బరువెక్కుతుంది.

రెండో కష్టం లోపల. ఎగువ తూములు ఒక్కసారిగా ఎత్తితే నీళ్లు ఉరికి వచ్చి పడవను వెనక్కి తోస్తాయి, అది దిగువ తలుపులను గుద్దుతుంది. తూము కొద్దికొద్దిగా ఎత్తాలి. పడవ లేచే కొద్దీ తాడు బిగించుకుంటూ రావాలి. దిగేటప్పుడు దీనికి పూర్తిగా తలకిందులు. తాడును గట్టు గుంజకు ముడి వేసి మరిచిపోతే, కింద నీళ్లు తగ్గిపోతూ పడవ తాటికి వేలాడుతుంది, ఒక్క వైపుకు ఒరిగి బోల్తా కొడుతుంది. అందువల్ల దిగే పడవ తాడును గుంజకు ఒక చుట్టు చుట్టి చేతిలో పట్టుకోవాలి, వదులుతూ పోవాలి. ఇది ప్రపంచంలో ఏ లాకులోనైనా మొదటి పాఠం. చీకటిలో, జడివానలో, ఉరుములకు ఒకరి కేక ఒకరికి వినిపించనప్పుడు ఈ చిన్న పనే ప్రాణాల మీదికి తెస్తుంది.

దీనికి తోడు వరదలో కొట్టుకొచ్చే చెత్త. కొమ్మలు, దుంగలు, గుర్రపు డెక్క వచ్చి తలుపు మడతలో ఇరుక్కుంటాయి. రెక్కలు పూర్తిగా మూసుకోవు. లాకు లస్కర్లు పొడుగు కర్రలతో వాటిని లాగి తీసే దాకా పడవ కట్టేసి ఉండాల్సిందే.

సముద్రం వైపు లాకులకు ఇంకో చిక్కు ఉంది. కోణంగా ఆనే తలుపులు ఒక వైపు నీళ్లనే ఆపగలవు. తుఫాను ఉప్పెనకు దిగువ మట్టం ఎగువను మించిపోతే అవే తలుపులు ఎదురు తెరుచుకుంటాయి, ఉప్పునీరు కాలువల్లోకి ఎక్కుతుంది. పోటు తగిలే చోట అటు తిరిగిన మరో జత తలుపులు పెట్టడానికి కారణం అదే. 1839లో కోరంగిని, 1864లో బందరును, 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనల తీరం అది. అంత అల ముందు ఏ తలుపులైనా నిలుస్తాయని చెప్పడం కష్టం.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855 నాటికి వచ్చింది. 1832, 33 నాటి డొక్కల కరువు మిగిల్చిన గాయం తడి ఆరని కాలం అది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్‌కు సాగునీరు ఎంత ముఖ్యమో పడవల దారీ అంతే ముఖ్యం. ధాన్యం ఉన్న చోటి నుంచి ఆకలి ఉన్న చోటికి చౌకగా చేరాలంటే రైలు కన్నా కాలువే మేలని ఆయన జీవితాంతం వాదించాడు. ఆ వాదన ఫలితంగా కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ ఒకదానికొకటి కలిసి, కాకినాడలో పడవ ఎక్కినవాళ్లు నీళ్ల మీదే మద్రాసు చేరే దారి ఏర్పడింది.

ఆ దారిలో అసలు గండం కాలువల్లో కాదు, నదులను అడ్డంగా దాటే చోట. ధవళేశ్వరం లాకులోంచి బయటపడిన పడవ, ఆనకట్టకు ఎగువన విశాలమైన గోదావరిని దాటి, అవతల విజ్జేశ్వరం లాకులో దూరాలి. ఎండాకాలంలో అది సాఫీగా సాగే ప్రయాణం. ఎర్రనీరు వచ్చాక, పక్కనే కట్ట మీదుగా నది మొత్తం దుంకుతుంటుంది. ప్రవాహం పడవను అటే లాగుతుంది. గాలి కూడా దిగువకే వీస్తే చుక్కాని చేయగలిగింది తక్కువ. అందుకే వరద పెరిగితే లాకు తలుపులు తెరవరు. కాలువ తల దగ్గర షట్టర్లూ దించేస్తారు, లేకపోతే వరదా బురదా డెల్టా మీద పడతాయి. పడవలు రేవులో వరుసగా కట్టేసి ఉంటాయి. అది ఒక రోజు కావచ్చు, వారం కావచ్చు. పడవలోనే వంట, పడవలోనే నిద్ర. సరుకు యజమాని తొందరపెట్టినా, ప్రయాణికుడు పెళ్లికి వేళ మించిపోతోందని బతిమాలినా, తలుపు తెరవనిదే పడవ కదలదు. ఆగడం అనేది ఇక్కడ సరంగు ఇష్టాయిష్టాల మీద ఆధారపడలేదు, కట్టడంలోనే ఉంది. లాకు చేసిన గొప్ప మేలు ఇదే.

ఇక దుమ్ముగూడెం.

కాటన్ దగ్గర పని చేసిన ఇంజనీర్లలో హేగ్ ఒకడు. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన పాత గన్నవరం అక్విడక్టు, 49 కమానుల కట్టడం, అతని చేతి పనే. ఆ అనుభవంతో ఎగువ గోదావరి పడవ దారి పని అతని మీద పడింది. నదిలో మూడు చోట్ల రాళ్లు పడవలను ఆపుతాయి. మొదటి అడ్డంకి దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇచ్చంపల్లి దగ్గర, అంటే ఇప్పటి భూపాలపల్లి జిల్లా అంచున. మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. ప్రతి చోటా ఆనకట్ట, దాని పక్కన కాలువ, కాలువలో లాకులు. ఈ మూడూ పూర్తయితే వార్ధా లోయ వైపు బీరారు ప్రాంతపు పత్తి పడవల్లో కాకినాడ ఓడరేవుకు దిగుతుంది.

కాలం కూడా కలిసొచ్చినట్టే కనిపించింది. 1860లో నిజాంతో కుదిరిన ఒప్పందంలో గోదావరి ఎడమ గట్టు ప్రాంతం ఇంగ్లీషు వాళ్లకు దక్కింది, నది మీద పడవలకు సుంకాలు లేకుండా పోయాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయింది, లాంకషైర్ మిల్లులు భారతదేశం వైపు చూశాయి. మధ్య పరగణాల చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ 1863లో ఈ నది మీద పెద్ద నివేదిక రాశాడు. డబ్బు వచ్చింది. కోస్తా నుంచి కూలీలు వచ్చారు.

రానిది అనుకూలమైన వాతావరణం ఒక్కటే. నదిలో రాతి పని నీళ్లు తగ్గాకే చేయాలి. వానలు వెనకబట్టి పని మొదలయ్యే రోజులే అడవి జ్వరాలు విజృంభించే రోజులు. కూలీలు మంచాన పడతారు, బతికినవాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు. మళ్లీ మనుషులను కూడగట్టి పని ఊపందుకునే సరికి ఎండలు ముదురుతాయి, ఆ వెనకే వరద. ఏటా ఇదే తంతు. పడవల సంగతీ అంతే. వరద కాలంలో నదికి నీళ్లు ఎక్కువై ఎదురెక్కడం కష్టం, వేసవిలో నీళ్లు చాలక ఇసుక తేలుతుంది. మధ్యలో మిగిలిన కొద్ది నెలల కోసం అంత ఖర్చు పెట్టాలా అన్న ప్రశ్న మొదలైంది. అమెరికా యుద్ధం 1865లో ముగిసింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. ఇక పత్తికి నదితో పని లేకపోయింది. 1871లో ఎగువ గోదావరి పడవ దారి పనులను ప్రభుత్వం ఆపేసింది. దుమ్ముగూడెం ఆనకట్ట మిగిలింది. ఇచ్చంపల్లి దగ్గర మొదలుపెట్టిన పని ముగియనే లేదు.

హేగ్ అంచనా తప్పని అనుకోవచ్చు. అది న్యాయం కాదనిపిస్తుంది. అతను కట్టిన రాయి నిలిచింది. నిలవనిది, నది ఏడాది పొడవునా ఒకేలా ఉంటుందనే ఆశ. ఈ నది స్వభావం అంకెల్లో చూస్తే తెలుస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీటి మట్టం 75.6 అడుగులకు లేచింది. 2022 జులైలో 71.3 అడుగులు. అదే భద్రాచలంలో వేసవిలో భక్తులు ఇసుక తిన్నెల మీద నడిచి వెళ్లి స్నానం చేస్తారు.

వరదకు ఎక్కడ ఆగాలో ముందే గీత గీసుకోవడం పెద్ద నదులున్న దేశాలన్నీ చేస్తున్నదే. చైనాలో త్రీ గోర్జెస్ డ్యామ్ దగ్గర ఓడలు అయిదు మెట్ల లాకు ఎక్కుతాయి. ప్రవాహం సెకనుకు 45,000 ఘనమీటర్లు దాటితే, మన లెక్కలో దాదాపు 16 లక్షల క్యూసెక్కులు, అంత పెద్ద లాకూ మూతపడుతుంది. ఇంగ్లండ్‌లో థేమ్స్ నది మీద ప్రవాహం పెరుగుతుంటే లాకుల దగ్గర పసుపు బోర్డు, ప్రమాదకరమైతే ఎర్ర బోర్డు పెడతారు. చదువు రానివాడికైనా రంగు అర్థమవుతుంది.

మన దగ్గర కాలువ పడవల కాలం వెళ్లిపోయింది. బస్సులు, లారీలు వచ్చాక లాకుల దగ్గర రద్దీ తగ్గింది. చాలా చోట్ల తలుపులు తుప్పు పట్టాయి. ధవళేశ్వరం దగ్గర పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువలను, భద్రాచలం రాజమండ్రి మధ్య గోదావరిని, వజీరాబాద్ విజయవాడ మధ్య కృష్ణను కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పాత లాకులకు మళ్లీ పని దొరకాలంటే ఇంకా ఎంతో చేయాలి. కానీ పడవలు పూర్తిగా పోలేదు. సరుకు పడవల చోటికి పాపికొండల విహార లాంచీలు వచ్చాయి. వాటి దారిలో లాకు లేదు. ఆగమని చెప్పే తలుపు లేదు.

2019 సెప్టెంబర్ 15. గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతోంది. 77 మందితో బయలుదేరిన లాంచీ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర, నది ఇరుకై మలుపు తిరిగే చోట, సుడిలో మునిగిపోయింది. గట్టు మీది ఊళ్ల గిరిజనులు చిన్న పడవలు వేసుకుని పరుగున వచ్చి కాపాడినవాళ్లతో కలిపి 26 మంది బతికారు. ఆ లాంచీలో మన కాజీపేట పక్కనే ఉన్న కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లు 14 మంది ఉన్నారు. తిరిగి వచ్చింది అయిదుగురు. రఘునాథపల్లి నుంచి కడిపికొండ ఎంత దూరం? రైలులో నాలుగైదు స్టేషన్లు. నది లేని ఊళ్ల మనుషులు ఎంతో ఇష్టంగా నదిని చూడబోయి ఆ నదిలోనే పోయారు. 200 అడుగులకు పైగా లోతున కూరుకుపోయిన లాంచీని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్లతో, లంగర్లతో వెతికి అక్టోబర్ 22న బయటికి లాగింది. తరాలుగా పడవ పని చేతిలో ఉన్నవాళ్ల నైపుణ్యం అంటే అది.

5 లక్షల క్యూసెక్కులంటే ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరికకు సగమే. అక్కడ 11.75 అడుగులకు, 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. విశాలమైన చోట సగం వరదలా కనిపించేది, కొండల మధ్య ఇరుకులో పడవను తిప్పి ముంచేంత పెద్దది. హెచ్చరిక రాలేదు కదా అని బయలుదేరడం సరిపోదని కచ్చులూరు చెబుతోంది. ఆ ప్రమాదం తర్వాత 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పడవ ప్రయాణాల మీద నిఘాకు 9 కంట్రోల్ రూములు ఏర్పాటు చేసింది. పాత రోజుల్లో లాకు తలుపు చేసిన పని ఇప్పుడు ఆ గదిలోని మనుషులు చేయాలి. కాదు అని చెప్పే అధికారం వాళ్లకు పూర్తిగా ఉండాలి. టికెట్లు అమ్ముడైపోయాయన్న మాట ఆ గది గడప దాటి లోపలికి రాకూడదు.

ఇది నది పక్క ఊళ్లకే పరిమితమైన మాట కూడా కాదు. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసినప్పుడు జనం మిద్దెలెక్కి నిలబడ్డారు, పడవలు, హెలికాప్టర్లు వచ్చి వాళ్లను తీసుకుపోయాయి. ఆ ముందు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. పడవ ఎక్కడం, లైఫ్ జాకెట్ కట్టుకోవడం, తాడు అందుకోవడం మెట్ట ఊళ్లకూ తెలియాల్సిన పనులే.

వచ్చే సెలవుల్లో జనగామ నుంచో, మహబూబాబాద్ నుంచో పాపికొండలు చూడటానికి బయలుదేరేవాళ్లకు ఒక విన్నపం. రేవుకు చేరగానే భద్రాచలం దగ్గర నీటి మట్టం ఎంతో, అది పెరుగుతోందో తగ్గుతోందో అడగండి. ఆ రోజు లాంచీకి అనుమతి ఉందో లేదో కంట్రోల్ రూములో కనుక్కోండి. జాకెట్ చేతికిచ్చే దాకా, దాని పట్టీలు బిగించుకునే దాకా పలక మీద కాలు పెట్టకండి. నది ఎర్రగా ఉరుకుతుంటే టికెట్ డబ్బులు పోయినా సరే, పిల్లలు అలిగినా సరే, భద్రాచలంలో ఇంకో రాత్రి ఉండండి.